ఒకే పదార్థానికి పది పేర్లు: వైద్య పరిశోధన వాఙ్మయాన్ని వెతకదగిన విజ్ఞానంగా కూర్చడం



తిరుపతిలో చేస్తున్న ఈ ఉపన్యాసం డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి అంకితం. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, హార్వర్డులో జీవరసాయన శాస్త్రవేత్తగా పేరు పొంది, 1940 నుంచి లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనను నడిపించి, 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులోనే కన్నుమూసిన ఆయనకు వైద్యలోకం పడిన ఋణం చిన్నది కాదు. సహచరుడు ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరపు కొలత పద్ధతి ఆ ఇద్దరి పేరుతోనే ప్రయోగశాలల్లో నిలిచింది. కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, జీవకణపు శక్తికి ఆధారమైన ఏటీపీని ఆ ఇద్దరూ గుర్తించి 1927లో, 1929లో వెల్లడించారు. ఫోలిక్ ఆమ్లపు సంశ్లేషణ, బాలల ల్యుకేమియాకు తొలి ఆశ చూపిన అమైనోప్టెరిన్, దాని వెంట వచ్చిన మెథోట్రెక్సేట్, బోదకాలుకు నేటికీ వాడుతున్న డైఇథైల్‌కార్బమజైన్, తొలి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్, ఇవన్నీ ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచి పదేళ్లయినా నిండని కాలంలో వెలువడ్డాయి.

ఇన్ని ఆవిష్కరణలు చేసిన వ్యక్తి స్మృతిలో సూచికల గురించి, పేర్ల పట్టికల గురించి మాట్లాడడం కొందరు శ్రోతలకు వింతగా తోచవచ్చు. అయితే ఆయన జీవితంలోని ముఖ్యమైన పరిశోధనే ఈ విషయానికి తగిన ఉదాహరణ. వ్యాధి పరిశోధనలో అచ్చయినదంతా విజ్ఞానం కాదు, వెతికినవారికి దొరికినదే విజ్ఞానం. అది దొరకడం గాని దొరకకపోవడం గాని కాగితాల రాశి మీద, యంత్రాల వేగం మీద ఆధారపడేది కొంతే. వేర్వేరు పేర్ల వెనుక ఉన్న ఒకే వస్తువును కలపడం, ఒకే పేరు వెనుక ఉన్న వేర్వేరు వస్తువులను విడదీయడం అనే వివేకం మీదనే అది ఎక్కువగా ఆధారపడుతుందన్నది ఈ ఉపన్యాసపు ప్రతిపాదన.

1

బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణులకు వచ్చే ఒక రకపు రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1931లో ప్రకటించింది. అందులో పనిచేసిన పదార్థమేమిటో అప్పటికి తెలియదు కనుక దానిని విల్స్ కారకం అన్నారు. తర్వాతి పదేళ్లలో కోతుల మీద ప్రయోగాలు చేసినవారు తమకు కనిపించిన పోషకానికి విటమిన్ ఎం అని పేరు పెట్టారు. కోడిపిల్లల మీద పనిచేసినవారు విటమిన్ బీసీ అన్నారు. పాలను పులియబెట్టే సూక్ష్మజీవుల పెరుగుదలను పరిశీలించినవారు ఎల్. కేసియై కారకం అన్నారు. పాలకూర ఆకు నుంచి 1941లో దానిని వేరుచేసినవారు లాటిన్‌లో ఆకుకున్న పేరును బట్టి ఫోలిక్ ఆమ్లం అని పిలిచారు. రసాయన నిర్మాణం తేలాక టెరోయిల్‌గ్లుటామిక్ ఆమ్లం అన్న పేరు కూడా చేరింది.

అది 1935 తర్వాతి ఏదో ఒక రోజు అనుకుని, ఒక పరిశోధకుడు గ్రంథాలయంలో కూర్చుని ఈ పోషకం గురించి సమస్త సమాచారం కావాలని వెతుకుతున్నట్టు శ్రోతలు ఊహించవచ్చు. కోళ్ల పోషణ పత్రికలు చదివేవారి కంట ప్రసూతి వైద్య పత్రికలు పడవు. బాక్టీరియాల పత్రికకు బొంబాయి మిల్లు కార్మికురాలి రక్తంతో పని లేదు. గర్భిణి రక్తహీనత, కోడిపిల్ల ఈక, కోతి చిగురు, పెరుగుతొరకలో పెరిగే సూక్ష్మజీవి ఒకే అణువు గురించి సాక్ష్యం చెబుతున్నా, ఆ సాక్షులు నలుగురూ ఒకే గదిలోకి రాలేదు. సుబ్బారావు బృందం కాలేయం నుంచి, సూక్ష్మజీవుల నుంచి ఆ పదార్థాన్ని శుద్ధిచేసి, నిర్మాణం తేల్చి, 1945లో సంశ్లేషించినప్పుడు లోకానికి మందు దొరికిందని అందరూ చెబుతారు. దానితోపాటు జరిగిన మరొక మేలు అంతగా చెప్పుకోరు: ఆ సంశ్లేషిత పదార్థాన్ని గీటురాయిగా పెట్టి చూసేసరికి ఏ పేరు ఏ పేరుకు సమానమో తేలింది, పదిహేనేళ్లుగా చెదిరి ఉన్న సాహిత్యం ఒక్కచోటికి చేరింది.

ఆయన ఇతర ఔషధాల సంగతీ ఇంతే. మెథోట్రెక్సేట్‌కు మొదటి పేరు అమెథోప్టెరిన్. డైఇథైల్‌కార్బమజైన్‌ను హెట్రజాన్ అనీ, బానోసైడ్ అనీ, డీఈసీ అనీ రాస్తారు. మందులను అటుంచితే, ఆ మహనీయుడి స్వంత పేరుకే ఈ చిక్కు తగిలింది. ఇంటిపేరు ముందు రాయడం తెలుగువారి ఆచారం, చివరి మాటను ఇంటిపేరుగా తీసుకోవడం పాశ్చాత్య సూచికల ఆచారం. ఫలితంగా తల్లిదండ్రులు పెట్టిన సుబ్బారావు ఇంటిపేరయింది, యల్లాప్రగడ ఒక పొడి అక్షరంగా మిగిలింది. అదీ సుబ్బారో అని ఒక చోట, రెండు ముక్కలుగా విరిచి మరొక చోట కనిపిస్తుంది. నేడు రెడ్డి, రావు అన్న చివరి మాటల కింద వేలమంది తెలుగు పరిశోధకులు ఒకే పేరుగా కలిసిపోవడం దీనికి మరో వైపు. ఒక్కొక్క పరిశోధకుడికి 16 అంకెల సంఖ్య ఇచ్చే ఆర్కిడ్ ఏర్పాటు 2012లో వచ్చింది ఇందుకోసమే. యువ పరిశోధకులు తొలి వ్యాసం పంపేనాడే ఆ సంఖ్యను తీసుకోవడం మేలు.

2

ఈ చిక్కుకు గ్రంథాలయ శాస్త్రం కనిపెట్టిన మందు నియంత్రిత పదావళి. అంటే, ఒక విషయానికి ఎన్ని పేర్లున్నా వాటిలో ఒకదానిని శీర్షికగా నిర్ణయించి, మిగతా పేర్లన్నిటినీ ఆ శీర్షిక వైపు దారి చూపే పలకలుగా నిలబెట్టడం. అమెరికా సైనిక వైద్యుడు జాన్ షా బిల్లింగ్స్ 1879లో ఇండెక్స్ మెడికస్ అనే నెలవారీ సూచికను ఆరంభించి, ప్రపంచ వైద్య పత్రికలలోని వ్యాసాలను విషయం వారీగా వరుస పెట్టించాడు. దాని వారసత్వమే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయంలో 1960లో మెష్ అనే వైద్య విషయ శీర్షికల పట్టికగా రూపు దిద్దుకుని, 1964లో కంప్యూటర్‌కు ఎక్కి, 1996లో పబ్‌మెడ్ పేరుతో అంతర్జాలంలో తెరుచుకుంది. ఈనాడు ఎవరైనా అందులో విటమిన్ ఎం అని కొడితే ఫోలిక్ ఆమ్లపు వ్యాసాలు వస్తాయి. ఆ చిన్న సౌకర్యం వెనుక వ్యాసం తరువాత వ్యాసం చదివి, ఇది దేని గురించి అని తమను తాము ప్రశ్నించుకుని, తగిన శీర్షికలు తగిలించిన సూచీకర్తల దశాబ్దాల శ్రమ ఉంది. ఆ వృత్తికి బిరుదులు లేవు, వారి పేర్లు ఏ వ్యాసం మీదా ఉండవు.

మెష్ పట్టికకు చెట్టు ఆకారం ఉంది. అంటువ్యాధులు అన్న మానులో బాక్టీరియా వ్యాధులు ఒక కొమ్మ, అందులో క్షయ ఒక రెమ్మ, దాని చివర ఊపిరితిత్తుల క్షయ ఒక ఆకు. కొమ్మను అడిగినవారికి ఆకులన్నీ దొరకాలి. ఇదే సమస్యను మరో వైపు నుంచి పట్టుకున్నవాడు శియాళి రామామృత రంగనాథన్. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తూ 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణలో ఆయన విషయాన్ని చెట్టుగా గాక ముఖాల కూడికగా చూశాడు. ఏ అవయవం, ఏ వ్యాధి, ఏ చర్య, ఏ సాధనం, ఏ దేశం, ఏ కాలం అని విడివిడిగా అడిగి, జవాబులను విరామ చిహ్నాలతో కలపడం ఆయన పద్ధతి. దానిని వివరించడానికి పాఠ్యగ్రంథాలలో తరచు ఇచ్చే ఉదాహరణ కూడా ఈ ప్రాంతానికి దగ్గరిదే: 1950లో భారతదేశంలో ఊపిరితిత్తుల క్షయకు ఎక్స్‌రే చికిత్స మీద పరిశోధన. వైద్యం, ఊపిరితిత్తులు, క్షయ, చికిత్స, ఎక్స్‌రే, పరిశోధన, భారతదేశం, 1950 అన్న ఎనిమిది ముక్కలు ఆ సంకేతంలో వరుసగా కూర్చుంటాయి. సరిగ్గా ఆ 1950లోనే మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో ఏం జరుగుతోందో తర్వాత ప్రస్తావనకు వస్తుంది.

3

పేర్లు కలిపితే పాత వ్యాసాలు దొరకడమేగాక, ఎవరూ రాయని కొత్త వాక్యం కూడా పుట్టగలదని 1986లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ స్వాన్సన్ చూపించాడు. చలి తగిలితే చేతివేళ్లు తెల్లబడి నీలంగా మారే రేనాడ్ వ్యాధిలో రక్తం చిక్కబడుతుందనీ, రక్తఫలకికలు గుమిగూడుతాయనీ కొన్ని వ్యాసాలు చెబుతున్నాయి. చేపనూనె రక్తపు చిక్కదనాన్ని తగ్గిస్తుందనీ, ఫలకికలను గుమిగూడనివ్వదనీ మరికొన్ని వ్యాసాలు చెబుతున్నాయి. మొదటి గుంపువారు రెండో గుంపును ఉదహరించలేదు, రెండోవారు మొదటివారిని చదవలేదు. స్వాన్సన్ ఏ ప్రయోగశాలలోనూ అడుగు పెట్టకుండా, ఈ రెండు గుంపులనూ పక్కపక్కన పెట్టి, చేపనూనె ఆ రోగులకు మేలు చేయవచ్చునని ఊహించాడు. ప్రాథమిక రేనాడ్ ఉన్నవారి విషయంలో 1989 నాటి క్లినికల్ పరీక్ష ఆ ఊహను సమర్థించింది. బహిరంగంగా అచ్చయి ఉన్నా ఎవరూ కనుగొనని విజ్ఞానం అని స్వాన్సన్ దీనిని వర్ణించాడు.

తిరుపతి శ్రోతలకు ఈ మాటను వేరే వివరించనక్కరలేదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారంలో భద్రపరిచి ఉన్నా, శతాబ్దాలపాటు అవి పాడేవారికి, చదివేవారికి లేనివే అయ్యాయి. 1920లలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వాటికి ప్రతులు రాయించే పని చేపట్టాక, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు పరిష్కరించాక మాత్రమే అవి సాహిత్యమయ్యాయి, సంగీతమయ్యాయి. ప్రతి పాట మీదా రాగం పేరు చెక్కి ఉండడం, రేకులకు సంఖ్యలుండడం పరిష్కర్తలకు ఎంత ఉపకరించాయో ఆ సంపుటాలు తెరిచినవారందరికీ తెలుసు. దాచినవారు వెతకబోయేవారిని తలచుకుని చేసిన పని అది.

సుబ్బారావు మందుల చరిత్రలోనే ఇలాంటి ఘట్టం ఒకటి ఉంది. ల్యుకేమియా పిల్లలలో అమైనోప్టెరిన్ తాత్కాలికంగా మేలు చేసిందని సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1948 జూన్‌లో ప్రకటించాడు, అంటే సుబ్బారావు మరణానికి రెండు నెలల ముందు. అదే మందు కీళ్లవాతంలో, సోరియాసిస్ అనే చర్మవ్యాధిలో కూడా పనిచేస్తోందని గబ్నర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1951లోనే రాశారు. అయినా దాని వెంట వచ్చిన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది 1988లో. 37 ఏళ్ల ఈ ఎడబాటుకు సూచికల లోపమే కారణమనడం న్యాయం కాదు. ఆ రోజుల్లో కార్టిజోన్ మీద అందరి దృష్టీ ఉంది, క్యాన్సర్ మందు కనుక దాని విషగుణం గురించి సహజమైన జంకూ ఉంది. అయినా క్యాన్సర్ వైద్యుల సాహిత్యం, కీళ్ల వైద్యుల సాహిత్యం, చర్మవైద్యుల సాహిత్యం మూడు వేర్వేరు గదులలో ఉండడం ఆ జాప్యానికి ఊతమిచ్చిందని అనుకోవడానికి తగినంత ఆధారం ఉంది. ఈనాడు పాత మందులకు కొత్త ఉపయోగాలు వెతికే పరిశోధన ఈ గదుల మధ్య తలుపులు తెరవడమే.

4

పబ్‌మెడ్‌లో ఇప్పుడు మూడున్నర కోట్లకు పైగా వ్యాస వివరాలున్నాయి, ఏటా పది లక్షలకు మించి చేరుతున్నాయి. ఇన్నింటిని మనుషులు చదివి శీర్షికలు పెట్టడం అసాధ్యమై, 2022 నుంచి ఆ పనిని ప్రధానంగా కంప్యూటర్ చేస్తోంది, మనుషులు సరిచూస్తున్నారు. వాక్యాలలోంచి జన్యువుల పేర్లు, మందుల పేర్లు, వ్యాధుల పేర్లు ఏరి, వాటి మధ్య సంబంధాలను గీతలుగా కలిపి, విజ్ఞాన జాలకం అనదగిన పటాన్ని తయారుచేయడం నేడు చాలా చోట్ల జరుగుతోంది. దీనివల్ల మేలు ఉంది, సందేహం లేదు. చిక్కు ఎక్కడుందో మూడు వాక్యాలతో చూడవచ్చు.

మెథోట్రెక్సేట్ వాడిన రోగులలో కాలేయం దెబ్బతిన్నది. మెథోట్రెక్సేట్ వాడిన రోగులలో కాలేయం దెబ్బతినలేదు. మెథోట్రెక్సేట్ వల్ల కాలేయం దెబ్బతింటుందా అన్నది ఇంకా పరిశీలించవలసి ఉంది.

రెండు మాటలు ఒకే వాక్యంలో వచ్చాయా లేదా అని మాత్రమే లెక్కించే యంత్రానికి ఈ మూడూ సమానమే. మూడింటి నుంచీ అది మెథోట్రెక్సేట్‌కు, కాలేయానికి మధ్య ఒక గీత గీస్తుంది. ఇటీవలి యంత్రాలు దీనికంటే ఎంతో నేర్పుగా చదువుతున్నాయి, అవును కాదులను చాలావరకు పట్టుకుంటున్నాయి. అయినా ఎంత మోతాదులో, ఎంతకాలం వాడితే, ఏ వయసువారిలో, ఎంతమందిని చూసి చెప్పిన మాట అన్న షరతులు గీతలోకి వచ్చేసరికి రాలిపోతుంటాయి. ఎనిమిదిమంది రోగుల మీద రాసిన లేఖ, ఎనిమిదివేలమంది మీద చేసిన పరీక్ష పటంలో ఒకే మందం గల గీతలుగా కనబడితే, ఆ పటం పరిశోధకుడిని దారి తప్పించగలదు. కనుక ప్రతి గీతకూ అది ఏ వాక్యం నుంచి వచ్చిందో, ఆ వాక్యం ఏ వ్యాసంలో ఉందో వెనక్కి వెళ్లి చూసుకునే దారి ఉండితీరాలి. ఆ దారి లేని పటాన్ని, అది ఎంత అందంగా ఉన్నా, వైద్య పరిశోధనకు ఆధారంగా తీసుకోకూడదు.

5

ఇక ఆరోగ్యవరం. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, మదనపల్లె పొడిగాలిని నమ్ముకుని, క్రైస్తవ మిషన్లు కలిసి నెలకొల్పిన క్షయ చికిత్సాలయం అది. డాక్టర్ పి. వి. బెంజమిన్ అక్కడ పనిచేసి, తర్వాత భారత ప్రభుత్వానికి క్షయ వ్యాధి సలహాదారు అయ్యాడు. అక్కడి వైద్యుడు జె. ఫ్రిమోట్ మోలర్ 1950 నుంచి 1955 వరకు చుట్టుపక్కల పల్లెల జనాన్ని పరీక్షించి, ట్యూబర్కులిన్ పరీక్ష, ఎక్స్‌రే, కఫ పరీక్ష కలిపి, ఒక దక్షిణ భారత గ్రామీణ సమాజంలో క్షయ ఎంత ఉంది, ఏటా ఎంత కొత్తగా పుడుతోంది అన్న ప్రశ్నకు జవాబు వెతికాడు. ఆ నివేదిక 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో నూరు పేజీలకు మించి అచ్చయింది. ఆ ప్రాంతంలోనే బీసీజీ టీకా రక్షణ శక్తి మీద జరిగిన పరిశీలనను ఆచార్యులు, కేశవ పిళ్లై అనే సహచరులతో కలిసి ఆయన 1973లో అంతర్జాతీయ క్షయ నివారణ సంఘపు బులెటిన్‌లో ప్రకటించాడు.

ఆ కాలపు వ్యాసాన్ని పబ్‌మెడ్‌లో తెరిస్తే సాధారణంగా ఏముంటుంది? శీర్షిక, రచయిత పేరు, పత్రిక పేరు, సంపుటి, పుటలు, కొన్ని విషయ శీర్షికలు. అంతే. 1966కు ముందరి వ్యాసాల వివరాలను పాత అచ్చు సూచికల నుంచి ఎక్కించారు కనుక వాటిలో చాలావాటికి సారాంశం ఉండదు. సారాంశాలను మాత్రమే చదివి జాలకం అల్లే యంత్రానికి సారాంశం లేని నూరు పేజీలు ఒక్క వాక్యంతో సమానం. పైగా ఆ 1960 నివేదిక శీర్షికలో దక్షిణ భారత గ్రామీణ జనాభా అని ఉంది గాని మదనపల్లె అని లేదు, కనుక ఊరి పేరుతో వెతికిన ఈ ప్రాంతపు విద్యార్థికి అది తగలకపోవచ్చు. పూర్తి పాఠం స్కాన్ చేసిన పుటలుగా దొరుకుతున్నా, విలువంతా ఉన్నది పట్టికలలో. స్కాన్ చేసిన పట్టికలో ఏ అంకె ఏ వరుసకు, ఏ నిలువుకు చెందినదో యంత్రానికి తేల్చి చెప్పాలంటే ఎవరో ఒకరు కూర్చుని సరిచూడక తప్పదు.

ఈ పని వాషింగ్టన్ దగ్గరి ఆ వైద్య గ్రంథాలయంలో కూర్చున్నవారు చేయాలని ఎదురుచూడడం సరికాదు. 1950 నాటి మదనపల్లె పల్లెలను ఈనాటి పల్లెలతో పోల్చగలవారు, పాత తాలూకా పేర్లను కొత్త మండలాలకు సరిపెట్టగలవారు ఇక్కడే ఉన్నారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్రం బోధిస్తున్నారు, శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల 1960 నుంచి ఉంది, స్విమ్స్ వైద్య సంస్థలో బయోఇన్ఫర్మాటిక్స్ విభాగం ఉంది, ఆ సంస్థ 2012 నుంచి స్వంత పరిశోధన పత్రికను వెలువరిస్తోంది. ఈ మూడు సంస్థలవారు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే, రాయలసీమ వ్యాధుల మీద వచ్చిన వ్యాసాలకు ఊరి పేరు, కాలం, పరీక్ష పద్ధతి, రోగుల సంఖ్య అన్న ముఖాలు తగిలించడం రెండు మూడేళ్లలో అయ్యే పనే.

6

వ్యాసాలకంటే ముందుండే సంగతి ఒకటి మిగిలింది. వ్యాధి మొట్టమొదట నమోదయ్యేది పత్రికలో కాదు, ఓపీ చీటీ మీద, అదీ రోగి నోటి మాటగా. కుప్పం నుంచో పలమనేరు నుంచో వచ్చిన మనిషి ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం, చుట్టాలతో కన్నడం మాట్లాడి, ఒకసారి తిరుపతిలో, మరొకసారి వేలూరులో చూపించుకుంటాడు. పచ్చకామెర్లు, మంజళ్ కామాలై, కామాలె అన్న మూడు మాటలు వేర్వేరు ఆసుపత్రుల కాగితాలలో పడతాయి. ఇది ఒకే వస్తువుకు మూడు పేర్లుండడం. పైగా ఆ మూడూ వ్యాధి పేర్లు కావు, లక్షణానికి పేర్లు. వైరస్ వల్ల కాలేయం వాచినా, సారా వల్ల చెడినా, పిత్తాశయంలో రాయి అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి. అమ్మ పోసింది అన్న మాట ఆటలమ్మకూ చెల్లుతుంది, తట్టుకూ చెల్లుతుంది, ఒకప్పుడు మశూచికీ చెల్లింది. ఇవి ఒకే పేరుకు అనేక వస్తువులున్న సందర్భాలు. జనం మాటల్లో పొరపాటేమీ లేదు. వాటిని చీటీ మీదికి ఎక్కించేటప్పుడు ఒకదానిని మరొకదానిగా నిశ్చయంగా రాసేయడంలోనే పొరపాటు పుడుతుంది.

అందువల్ల దక్షిణ రాయలసీమ వ్యాధి పదాల పట్టిక ఒకటి తయారుకావాలి. ప్రతి మాటకూ ఒక చీటీ ఉండాలి. ఆ మాట ఎక్కడ వాడుతారు, ఏ లక్షణాన్ని చెబుతుంది, మెష్ పట్టికలో దానికి దగ్గరైన శీర్షికలేవి, వాటితో అది పూర్తిగా సరిపోతుందా, కొంత మాత్రమే సరిపోతుందా అన్న సంగతులు ఆ చీటీలో ఉండాలి. కొంత మాత్రమే అని రాయడానికి చోటు లేని పట్టిక అక్కరకు రాదు.

మొదటి చీటీ గ్రహణి అన్న మాటకు రాయడం సుబ్బారావు స్మృతికి తగిన పని. ఆయన సోదరులను బలిగొన్నది, ఆయననూ పీడించింది ఉష్ణమండలపు స్ప్రూ అని జీవితచరిత్రలు చెబుతాయి. పేగులు ఆహారసారాన్ని గ్రహించలేక, ఎడతెగని విరేచనాలతో మనిషి శుష్కించిపోయే ఆ వ్యాధికి ఆయన బృందం సంశ్లేషించిన ఫోలిక్ ఆమ్లమే తర్వాత చికిత్సలో భాగమైంది. తెలుగులో దానిని గ్రహణి అనీ, సంగ్రహణి అనీ అంటారు. అయితే ఆయుర్వేదంలో గ్రహణి అన్నది స్ప్రూ ఒక్కటే కాదు, అగ్నిమాంద్యంతో వచ్చే పేగు రుగ్మతలు అనేకం ఆ మాట కింద ఉన్నాయి. కనుక ఆ చీటీ మీద స్ప్రూ అన్న శీర్షికకు ఎదురుగా కొంతవరకు అనీ, దీర్ఘకాలిక అతిసారం అన్న శీర్షికకు ఎదురుగా కొంతవరకు అనీ, గోధుమ పడని పేగువ్యాధికి ఎదురుగా పరిశీలించవలసి ఉంది అనీ రాయాలి. దానిని రాయడానికి ఈ ఊళ్లోనే ఉన్న శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల వైద్యులు ఒకరు, పేగువ్యాధుల నిపుణులు ఒకరు, గ్రంథాలయ శాస్త్రం తెలిసినవారు ఒకరు, ముగ్గురు చాలు.